చక్కెర లేనిదే కదా

రేడియో స్టేషను వెనక వీధి, మేడ మీది గది
జనవరి 6

అన్నయ్యకి,

ఉత్తరం ఆలస్యమైందని వదిన అలిగిందట. అలగనీ. ఆవిడ మాట్లాడకపోతే నీకు నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుంది, ఆ పుణ్యం నాది.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున ఐదున్నరకల్లా స్టేషనులో ఉంటాను. ఏడింటికి వార్తలు, మళ్ళీ ఎనిమిదిన్నరకి, పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. స్టూడియోలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే రెండు పేజీలు చదివేసరికి నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. అందుకే మైకు పక్కన ఎప్పుడూ నా సోడా డబ్బా ఉండాల్సిందే. ఎర్రదీపం వెలగబోయే ముందు ఒక గుక్క, ఆరాక ఒక గుక్క. సౌండ్ ఇంజినీరు గారు నాకు 'డబ్బా మేడం' అని పేరు పెట్టారు. రోజుకి ఏడో ఎనిమిదో ఖాళీ చేస్తున్నాను. చక్కెర లేనిదే కదా, నువ్వు చెప్పిన మందే కదా అని ధైర్యం. నాన్నకి వచ్చిన జబ్బు మనకి రాకపోతే అంతే చాలు.

ఒక తమాషా చెప్పనా? మొన్న టోస్టు కొరికితే ఏదో రాయి తగిలింది. వేలితో తీసి చూస్తే రాయి కాదు, నా పన్నే! ముందు పన్ను అంచు, బియ్యపు నూకంత. నొప్పి లేదు, రక్తం లేదు. అద్దం దగ్గరికి వెళ్ళి చూసుకుంటే మిగతా పళ్ళ అంచులు కూడా గాజులా పల్చగా ఉన్నట్టున్నాయి. చల్లనిది తగిలితే జివ్వుమంటోంది. నువ్వు పళ్ళ మనిషివి కదా, దీనికి పేస్టు ఏదైనా ఉంటే చెప్పు. నేను మాత్రం శుభ్రంగానే ఉంటున్నాను. డబ్బా అవగానే బ్రష్షు చేసేస్తున్నాను, రోజుకి నాలుగైదు సార్లు.

నీ రేడియో బాగుచేయించావా లేదా? ఐదు నెలలైంది పాడై. చెల్లెలి గొంతు వినకుండా నీకు టీ ఎలా దిగుతోంది?

నీ వాగుడుకాయ

*

ఆసుపత్రి కింది అంతస్తు, కట్టుడు పళ్ళ వర్క్‌షాపు
జనవరి 15

వాగుడుకాయకి,

అది తమాషా కాదు. వెంటనే ఎవరైనా పళ్ళ డాక్టరుకి చూపించు.

ఈలోగా చెయ్యాల్సినవి రాస్తున్నాను. సోడా తాగగానే బ్రష్షు చెయ్యకు. అందులో పులుపు ఉంటుంది. అది పన్ను మీది పింగాణీ పొరని కాసేపు మెత్తబరుస్తుంది. అప్పుడు తోమితే పొరే అరిగిపోతుంది. మామూలు నీళ్ళతో పుక్కిలించి, గంట ఆగి తోముకో. డబ్బాలు తగ్గించు. మానేస్తే మరీ మంచిది. గుక్క గుక్కగా పొద్దంతా తాగడం అన్నిటికన్నా చెడ్డది. ఒకసారి పాడైన పొర మళ్ళీ రాదు. స్టూడియోలో మంచినీళ్ళ సీసా పెట్టుకో.

రేడియో ఇంకా బాగవలేదు. పాత మోడల్ కదా, లోపలి భాగం దొరకడం లేదంటున్నారు.

నీ అన్నయ్య

*

మేడ మీది గది
ఫిబ్రవరి 10

అన్నయ్యకి,

ఇదేం ఉత్తరం? మందు సీసా మీద కాగితంలా ఉంది. ఎప్పుడైనా నాకు జలుబు చేస్తేనే మూడు పేజీలు తిట్టేవాడివి. ఈసారి ఒక్క తిట్టూ లేదు. ఒంట్లో బాగానే ఉందా?

అయినా నాకో సందేహం. పళ్ళని తినేది చక్కెర కదా? నువ్వే కదా చెప్పావ్? చక్కెర లేని దాంట్లో మళ్ళీ ఈ పులుపేమిటి?

డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. తీరిక దొరకడం లేదు. వార్తలు బాగానే సాగుతున్నాయి. నిన్న ఏడింటి వార్తల్లో ఒక విదేశీ మంత్రి పేరు వచ్చింది, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఏడు అక్షరాలు. ఎక్కడా తడబడకుండా చదివితే అద్దం అవతల నుంచి ఇంజినీరు గారు చప్పట్లు కొట్టారు.

నువ్వు వినలేదు, నీ దురదృష్టం.

నీ వాగుడుకాయ

*

పళ్ళ వర్క్‌షాపు
మార్చి 4

వాగుడుకాయకి,

మంచి పని చేశావ్, ఏడక్షరాల పేరు తడబడకుండా చదివినందుకు.

నిన్న వర్క్‌షాపులో పై అర సర్దుతుంటే నీ పళ్ళ అచ్చు దొరికింది. గుర్తుందా? నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో నీ నోట్లో ఆ గులాబీ రంగు ముద్ద పెట్టి అచ్చు తీశాను. కదలకు కదలకు అంటున్నా నవ్వి, ఆ ముద్దంతా నా చొక్కా మీద ఉమ్మావు. మూడోసారికి కుదిరింది. అప్పుడు నీకు పంతొమ్మిదేళ్ళు. ఒక్క పన్నూ వంకర లేదు. మా మేస్త్రీ చూసి, 'ఇవి ఎవరివిరా, పాఠాలు చెప్పడానికి దాచుకోవచ్చు' అన్నాడు. దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టుకున్నాను.

నీ పళ్ళు ఇప్పుడెలా ఉన్నాయో ఒక ఫోటో తీసి పంపు. పెదవి పైకెత్తి, పగటి వెలుతురులో. డాక్టరుకి చూపించావా? రెండోసారి అడుగుతున్నాను.

నీ అన్నయ్య

అమ్మాయ్, కింద ఖాళీ మిగిలిందని నేనూ రెండు ముక్కలు రాస్తున్నాను. మీ అన్నయ్య వరస నాకేం బాగాలేదు. జనవరి ఆఖరి నుంచి ఏడింటికి రేడియో పెట్టడం, వేరే అమ్మాయి గొంతు వినగానే కట్టెయ్యడం, టీ వదిలేసి వర్క్‌షాపుకి వెళ్ళిపోవడం. నువ్వు సెలవులో ఉన్నావా? అడిగితే నా మీద విసుక్కుంటున్నాడు. ఒంట్లో బాగోకపోతే చెప్పు, నేను బయల్దేరి వస్తాను. - వదిన

*

మేడ మీది గది
మార్చి 13

అన్నయ్యకి,

అయితే నీ రేడియో బ్రహ్మాండంగా పలుకుతోందన్నమాట. లోపలి భాగం దొరకడం లేదన్నావే! ఆ భాగం వదినే పంపింది చూడు, రెండు ముక్కల్లో.

ఏడక్షరాల మంత్రిని నేను చదవలేదని తెలిసే 'మంచి పని చేశావ్' అని రాశావు. అబద్ధం ఆడింది నేనే, ఒప్పుకుంటాను. కాని అబద్ధమని తెలిసి నన్ను అలా ఆడనిచ్చిన వాడిని ఏమనాలి?

సరే. విను.

జనవరి ఇరవై రెండున వార్తల విభాగం పెద్దాయన తన గదికి పిలిచారు. బల్ల మీద శ్రోతల ఉత్తరాలు, ఓ ఇరవై ఉంటాయి. 'ఇది చదవమ్మా' అని ఒకటి ఇచ్చారు. అందులో, 'మీ ఏడు గంటల వార్తల్లో సన్నగా ఈల వినిపిస్తోంది, పాడైంది మా రేడియోనా మీ రేడియోనా తెలుపగలరు' అని ఉంది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. టేపు పెట్టారు.

'శనివారం సాయంత్రం సచివాలయంలో సమావేశం' అని నేనే చదువుతున్నాను. స వచ్చిన ప్రతిచోటా ఈల. ప్రెషర్ కుక్కరు పొయ్యి మీద పెట్టి వార్తలు చదువుతున్నట్టు ఉంది.

'ఎప్పటి నుంచండీ?' అన్నాను.

'నాకు తెలిసి నాలుగైదు నెలలు. నీ మీద గౌరవం కొద్దీ ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళు లోపల కూర్చుని వార్తలు రాయి. పళ్ళు చూపించుకో. తర్వాత చూద్దాం.'

నా గొంతు నాకు లోపలి నుంచి వినిపిస్తుంది కదా అన్నయ్యా, బయటికి ఎలా వెళ్తోందో నాకు తెలీలేదు. తెలిసిన వాళ్ళంతా గౌరవంగా ఊరుకున్నారు.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నోట్లో చూడకముందే నా సంచీలోంచి తొంగి చూస్తున్న డబ్బాని చూసింది. 'ఇది మంచినీళ్ళకి బదులా?' అంది. 'చక్కెర లేనిదండీ' అన్నాను. ఆవిడ చేతి తొడుగులు వేసుకుంటూ, 'అమ్మా, చక్కెర పళ్ళని పుచ్చిపోయేలా చేస్తుంది, పులుపు కరిగిస్తుంది. మీ పళ్ళు ఒక్కటీ పుచ్చలేదు. కరిగిపోయాయి' అంది. పైన ముందు పళ్ళు నాలుగూ వెనకవైపు నుంచి అరిగి రేకులైపోయాయట.

ఎవరు తాగమన్నారు అని కూడా అడిగింది. ఎవరూ లేరన్నాను.

*

పళ్ళ వర్క్‌షాపు
ఏప్రిల్ 2

వాగుడుకాయకి,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది అయిదోది. చింపకుండా పోస్టు డబ్బాలో వేసేస్తాను.

పోయిన ఆగస్టులో విన్నాను. ఒక మంగళవారం. నువ్వు 'సముద్రంలో' అన్నావు. చివరి పేజీ దాకా విని, రేడియో కట్టేసి, వదినతో పాడైందని చెప్పి వర్క్‌షాపుకి పట్టుకొచ్చాను. ఇక్కడ రోజూ ఒక్కణ్ణీ వినేవాణ్ణి. జనవరి ఆఖర్లో మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళాను. పదిహేడేళ్ళుగా పళ్ళతో బతుకుతున్న వాణ్ణి. ఆ ఈల ఎక్కణ్ణించి వస్తుందో, ఏ పన్ను పొట్టిదైతే వస్తుందో నాకు తెలుసు. ఎందుకు పొట్టిదైందో కూడా తెలుసు. చెప్పాలంటే దాని వెనకది కూడా చెప్పాలి. అందుకు నోరు రాలేదు.

పదకొండేళ్ళ కిందట, నాన్న పోయిన వారానికి మనిద్దరం వంటింట్లో ఉన్నాం. ఆయన మందులు సంచీలో వేస్తున్నాను. నువ్వు తియ్యటి సోడా ఒకటి తెరిచావు. నీ చేతిలోంచి లాక్కుని సింకులో పారబోశాను. 'ముందు కాలి వేళ్ళు తీశారు, తర్వాత పాదం తీశారు, నువ్వూ అలాగే పోతావా?' అని అరిచాను. నువ్వు ఏడ్చావు. నాకు జాలేసింది. 'తాగాలనిపిస్తే చక్కెర లేనిది తాగు. ఎన్నైనా తాగు. నేను పళ్ళ వాణ్ణి, నాకు తెలుసు' అన్నాను.

నాకు తెలీదు. నేను పళ్ళు తయారుచేసేవాణ్ణి, అంతే. ఆ రోజు డాక్టరులా మాట్లాడాను. భయంలో ఉన్నప్పుడు పెద్దవాడి మాట ఎవరికైనా కావాలి, నేను పెద్దవాణ్ణయ్యాను.

ఇది కూడా అసలు సంగతి కాదు. ఏడేళ్ళ కిందట మా ఆసుపత్రికి ఒక పెద్ద డాక్టరు వచ్చి పాఠం చెప్పాడు. తెర మీద పళ్ళ బొమ్మలు వేశాడు. రోజంతా ఆ డబ్బాలు తాగేవాళ్ళ పళ్ళు. చక్కెర ఉన్నా లేకపోయినా పింగాణీ పొరకి ఒకటే అన్నాడు. ఆ రోజే ఇంటికొచ్చి నీకు ఉత్తరం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక, నా మాట నేనే కాదనుకోవాలా అనిపించింది. ఏదో రోజుకి ఒకటో రెండో తాగుతుందిలే అనుకున్నాను. కాగితం మడిచి సొరుగులో పెట్టాను. ఏడేళ్ళు, చెల్లీ. రోజుకి ఏడు డబ్బాల లెక్కన.

నువ్వు డాక్టరమ్మకి 'ఎవరూ లేరు' అన్నావు. నన్ను కాపాడటానికే అయితే, వద్దు. వెళ్ళి నా పేరు చెప్పు.

అన్నయ్య

*

పళ్ళ వర్క్‌షాపు
మే 9

వాగుడుకాయకి,

నెల దాటింది. వదిన ఫోన్ చేసినా నువ్వు ఎత్తడం లేదట. బాగానే ఉన్నానని ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా ఫరవాలేదు.

అన్నయ్య

*

మేడ మీది గది
జూన్ 3

అన్నయ్యకి,

బాగానే ఉన్నాను. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం నీకు తెలుసు. నా మాట మీరు వినడం నాకిష్టం లేదు.

డబ్బాలు మానేశాను. మొదటి పది రోజులు తల పగిలిపోయింది. అందులో కూడా కాఫీలో ఉండే కెఫీన్ ఉంటుందట, ఒక్కసారిగా మానకూడదట. ఇప్పుడు తగ్గింది. పదకొండేళ్ళలో మొదటిసారి తెల్లారేదాకా మెలకువ రాకుండా నిద్ర పడుతోంది. గుండెల్లో మంట కూడా చాలా నయం. రక్తపరీక్ష చేయించారు. చక్కెర గీత మీద ఉంది, ఇంకాస్త దాటితే నాన్న జబ్బే. అది విని నవ్వొచ్చింది. డాక్టరమ్మని, 'ఈ డబ్బాల వల్లేనా?' అని అడిగాను. 'అలా అని నేను రాసివ్వలేనమ్మా. ఎక్కువ తాగేవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తోందని కొందరంటారు, ఇంకా తేలలేదు. డబ్బాతో పాటు ఏం తినేవారు?' అంది. బిస్కట్లు, కేకు. సోడాలో చక్కెర లేదు కదా, ఆ మిగిలింది కేకులో తినొచ్చు అనుకునేదాన్ని. నిజంగానే అలా అనుకునేదాన్ని.

నాలుగు పళ్ళకీ క్యాపులు వెయ్యాలి. ఆవిడ నా పళ్ళ అచ్చు తీసి ఎక్కడికో పంపబోతుంటే, నీ వర్క్‌షాపు చిరునామా ఇచ్చాను. ఈ వారంలో పార్సిల్ వస్తుంది. వేరే ఎవరి చేతా చేయించకు.

నీ ఉత్తరం గురించి ఇప్పుడేమీ రాయను.

*

పళ్ళ వర్క్‌షాపు
జులై 11

చెల్లికి,

ఈ పెట్టెలో దూది మధ్య నాలుగు పళ్ళు ఉన్నాయి. డాక్టరమ్మకి జాగ్రత్తగా అందించు.

పార్సిల్ వచ్చిన రోజు కొత్త అచ్చుని పాత అచ్చు పక్కన పెట్టాను. ఒకే మనిషివి అంటే ఎవరూ నమ్మరు. ముందు పళ్ళు రెండు మిల్లీమీటర్ల దాకా పోయాయి. నా దగ్గరికి రోజూ ఇంతకన్నా ఘోరమైనవి వస్తాయి, టీ తాగుతూ పని చేస్తాను. ఈ నాలుగింటికీ మూడు వారాలు పట్టింది.

కష్టమంతా పొడవు దగ్గర వచ్చింది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఉన్నంత పొడవు పెడితే చూడటానికి నువ్వే. కాని ఇన్నేళ్ళుగా నీ నాలుక పొట్టి పళ్ళకి అలవాటుపడి ఉంటుంది, పొడవు ఎక్కువైతే త, ద పలకడం కష్టం. తక్కువైతే స మళ్ళీ ఈల వేస్తుంది. మైనంతో ఐదుసార్లు చేసి చూశాను. చివరికి పాతదానికి అర మిల్లీమీటరు తక్కువ పెట్టాను. సరైందో కాదో నోట్లో పెట్టుకుని మాట్లాడితేగాని తెలీదు. ఈసారి నాకు తెలుసు అని రాయడం లేదు, చూశావా.

రంగు మాత్రం సరిపోయింది. కొలిమిలో కాల్చి బయటికి తీసిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మా మేస్త్రీ, 'ఎవరో మహారాణివా ఏంటి?' అన్నాడు. మా చెల్లివి అన్నాను.

అన్నయ్య

*

మేడ మీది గది
సెప్టెంబరు 19

అన్నయ్యకి,

పళ్ళు కుదిరాయి. చూసినవాళ్ళెవరూ అవి పుట్టు పళ్ళు కావని అనుకోరు. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసి, 'ఈ పనివాడెవరో నాకు చెప్పండి, ఇక మీదట అన్నీ అక్కడికే పంపుతాను' అంది. మా అన్నయ్య అని చెప్పాను. ఆవిడ అడక్కపోయినా ఆ రెండో మాట కూడా చెప్పాను, తాగమన్నది కూడా ఆయనే అని. నువ్వు చెప్పమన్నావు కదా.

ఈల పోయింది. కాని త అనబోతే నాలుక గోడకి తగిలినట్టు ఉంటోంది. రెండు నెలలు రోజూ గంట సేపు గట్టిగా చదివాను. మొన్న సోమవారం పరీక్ష పెట్టారు. పాత స్టూడియో, పాత కుర్చీ, మంచినీళ్ళ సీసా. ఐదు నిమిషాలు చదివాను. బాగానే వచ్చిందనుకున్నాను. బయటికొచ్చాక పెద్దాయన నా పాత టేపూ కొత్త టేపూ పక్కపక్కన వినిపించారు. తర్వాత ఆయన చెప్పక్కర్లేకపోయింది, అయినా చెప్పారు. 'గొంతు నీదేనమ్మా. మాటే ఎవరిదోలా ఉంది. జాగ్రత్తగా అడుగులేస్తున్నట్టు చదువుతున్నావు. వినేవాడికి కూడా భయమేస్తోంది, ఎక్కడ జారుతుందోనని.' నిజమే అన్నయ్యా. నాకే అలా అనిపించింది. ఆ కుర్చీ కొత్తమ్మాయికి ఇచ్చేశారు. నాది రాసే పని, ఇక అదే.

ఆ అమ్మాయి బాగా చదువుతుంది. బాగోలేదని చెప్పుకునే సుఖం కూడా నాకు లేదు. పోయిన వారం నా బల్ల దగ్గరికి వచ్చి, 'అక్కా, మీరు రాసిన పేజీలు భలే హాయిగా ఉంటాయి, నోరు తిరగని ముక్క ఒక్కటీ ఉండదు. ఎలా రాస్తారు?' అని అడిగింది. పేజీ తీసి చూసుకున్నాను. 'సమావేశం' రావాల్సిన చోట 'భేటీ' అని ఉంది. 'సంవత్సరం' లేదు, 'ఏడాది' ఉంది. 'సహాయం' లేదు, 'తోడ్పాటు' ఉంది. పేజీ మొత్తం మీద మూడే స లు. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు. నేను గమనించకముందే నా చెయ్యి స లని తప్పించుకుంటున్నట్టుంది. ఆ అమ్మాయికి మాత్రం, అలవాటులే అని చెప్పాను.

ఇప్పుడు నీ ఏప్రిల్ ఉత్తరానికి జవాబు.

నిన్ను తప్పుపట్టలేదని రాస్తే నువ్వు నమ్మవు. పట్టాను. ఏప్రిల్, మే రెండు నెలలూ పట్టాను. సొరుగులో ఆ మడిచిన కాగితం తలుచుకుని పళ్ళు కొరికేదాన్ని, ఆ మిగిలిన పళ్ళతోనే. అది అయ్యాక నా సంగతి గుర్తొచ్చింది. నేనెవరికీ చెప్పనిది.

డబ్బాలు మొదలుపెట్టిన మూడో ఏడాదే నాకు జివ్వుమంది. ఐసు తగిలినప్పుడు కాదు, ఊరికే గాలి పీల్చినా జివ్వుమనేది. పళ్ళ పని చేసే అన్నయ్య ఉన్నాడు, ఒక కార్డు రాస్తే చాలు. రాయలేదు. ఎందుకంటే రాస్తే మానమంటావు. నాకు మానాలని లేదు. నువ్వు తాగమన్నావు కదా అని అడ్డం పెట్టుకున్నాను. ఎవరైనా ఇన్ని డబ్బాలేంటి అంటే, మా అన్నయ్య పళ్ళవాడు, ఆయనే చెప్పాడు అనేదాన్ని. నువ్వు ఒక్కసారి అన్న మాటని నేను వెయ్యిసార్లు వాడుకున్నాను. నీ దగ్గర రాయని ఉత్తరం ఉన్నట్టే నా దగ్గరా ఒకటి ఉంది. ఇంచుమించు ఒకే ఏడాదివి అనుకుంటాను.

ఇందులో నీ వాటా ఎంత, నా వాటా ఎంత అని తేల్చడానికి చూశాను. తేలలేదు. తేలినా నా కుర్చీ తిరిగి రాదు. నీకు ఇంకో ఏడేళ్ళు మనసు బాగోకపోతే దాని వల్ల నాకేం లాభం? చెప్పు.

శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. వదినకి చెప్పు, వారం రోజులు ఉంటాను. స్టేషనుకి నువ్వే రా. ఏడాదిన్నరగా నన్ను చూడలేదు, ఈ కొత్త పళ్ళతో నా మాట అసలే వినలేదు. అందుకే ముందే రాస్తున్నాను. ప్లాట్‌ఫారం మీద జనంలో ఎవరో వెనక నుంచి 'అన్నయ్యా' అని పిలిస్తే, ఆ పిలుపు కొత్తగా వినిపించినా సరే, వేరే ఎవరి అన్నయ్యనో అనుకుని ముందుకి వెళ్ళిపోకు. ఆగి, తిరిగి చూడు.

నేనే అయి ఉంటాను.